గట్టుకు ఇవతలి ఊట

1998. డర్బన్‌కి ఉత్తరాన షాకాస్‌క్రాల్ పక్కన చెరకు తోటల మధ్య యెల్లప్ప ఇంటి వంటగది, శనివారం పొద్దున. యెల్లప్ప తాత కూలీగా ఓడెక్కి వచ్చినవాడు. ఆంజనేయులు మూడేళ్ళ కిందట తెనాలి నుంచి విమానమెక్కి వచ్చిన సర్వేయరు. ఇద్దరినీ కలిపింది తెలుగు, తరవాత పీతల కూర, ఆ తరవాత ఒక తప్పు. యెల్లప్ప కూతురు కోగీ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఆవిడ తెలుగులో క్రియలు తమకు తోచినట్టు ముగుస్తాయి గానీ మాట మాత్రం తగలాల్సిన చోటే తగులుతుంది. ఆంజనేయులు టీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు, తాగడం లేదు. ఈ ముసలాయనకి చెప్పాల్సిన మాట ఎలా మొదలుపెట్టాలో అతనికి బోధపడటం లేదు.

"టీ సల్లారిపోతంది అబ్బాయ్. తాగు."

"తాగుతానండీ."

"ఇందాకట్నించీ అదే మాట. ఏటయినాది? కారు మొరాయించినాదా?"

"కారు బాగానే ఉంది."

"మీ ఆడది వసుమతమ్మతో గొడవా?"

"అదేం లేదు బాబాయిగారూ."

"మరేటి? కొండ మీద గుమేడే ఓళ్ళందరూ నీ కోసం కాసుకుని ఉంటే నువ్వు నా వంటింట్లో కూకున్నావు. ఇయ్యాల ఆళ్ళ కమిటీ ఎన్నికంట గదా. తెగ పెద్ద చీఫుతో పని లేకుండా ఆళ్ళ బూమి ఆళ్ళే ఏలుకుంటారంట. ఆడోళ్ళు కూడా చెయ్యెత్తుతారంట. ఆ కమిటీ నీ ప్లాను మీద సంతకం ఎట్టాలంట. నువ్వు లేకపోతే ఎలాగ?"

"వెళ్ళాలి. వెళ్తాను. రోజ్‌ని తీసుకొచ్చానండీ."

"ఏ రోజ్?"

"రోజ్ గుమేడే. మీకు తెలిసిన రోజే. వాళ్ళు మాట్లాడుకున్న వ్యాను రాలేదుట. మీరు ఇసిపింగో నుంచే కదా సార్ వచ్చేది, దారిలో మొబేని దగ్గర మా అమ్మని ఎక్కించుకోండి అని వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఒక గోదాము గేటు ముందు నుంచుని ఉంటే ఎక్కించుకున్నాను."

"మంచి పని సేసినావు. ముసిల్ది, అంత దూరం ఎలాగ ఒస్తాది."

"నేనూ అదే అనుకున్నాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను."

"ఏదీ మరి? కొండ మీద దించేసినావా?"

"లేదండీ."

"మరెక్కడ?"

"చెప్తాను. ముందు ఒకటి అడగనివ్వండి. మన సంగతి ఆవిడకి ముందే తెలుసా? ఎవరైనా చెప్పారా?"

"మన సంగతంటే?"

"ఊట సంగతి."

"మెల్లిగా. కోగీ ఉంది బయట."

"తెలుసా ఆవిడకి?"

"ఎలా తెలుస్తాది? నాకూ నీకూ తప్ప ఎవుళ్ళకీ తెల్దు. ఎందుకు?"

"కారెక్కింది మొదలు ఒక్క మాట మాట్లాడలేదండీ. గుడ్ మార్నింగ్ అన్నాను. పలకలేదు. ఏమైనా తిన్నారా అమ్మా అన్నాను. పలకలేదు. వసుమతి కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత తీసి చెయ్యి వెనక్కి చాపాను. డబ్బా వంక కూడా చూడలేదు."

"సెవుడొచ్చుంటాది."

"చెవుడు కాదు. అద్దంలో నన్నే చూస్తోంది. నేను ముందు తలుపు తీశాను కూర్చోమని. చేతిలో ఉన్నదేదో ఆ సీట్లో పెట్టి, తను వెళ్ళి వెనకాల కూర్చుంది. నాకు ప్రాణం చివుక్కుమంది. నేను డ్రైవర్నా అనుకున్నాను. తరవాత అనిపించింది, కాదు, ఈవిడకి తెలిసిపోయింది, అందుకే నా పక్కన కూర్చోవడం ఇష్టం లేదు."

"నీ బుర్ర."

"నా బుర్రే. డర్బన్ దాటేదాకా వాతావరణం గురించి మాట్లాడాను. దాటాక నా పిల్లల గురించి మాట్లాడాను. ఆవిడ మధ్యమధ్య పెదాలు కదుపుతోంది, గొణుక్కుంటోంది, నాతో కాదు. నన్ను శపిస్తోందనుకున్నాను."

"ఆమె అలాంటి మడిసి కాదు. మా ఇంట్లో ఎన్నాళ్ళు బట్టలు ఉతికినాది."

"మీకు కాదు కదా శాపం, నాకు. చెరకు దాటి మీ మలుపు తిరిగాం. ఊట గొట్టం కనిపించింది, నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ అటు చూసింది. ఇంక నా వల్ల కాలేదండీ."

"ఏటి సేసినావు?"

"చెప్పేశాను."

"ఏటి సెప్పేసినావు?"

"ఊట మీ హద్దులోనే ఉండాలమ్మా, నేనే గట్టు మీంచి గీత గీసి యెల్లప్పగారి వైపు ఉంచేశాను, తప్పయిపోయింది అని."

"ఎవుళ్ళు సెప్పమన్నారు నిన్ను?"

"ఎవరూ చెప్పమనలేదు."

"ఆమె అడిగినాదా?"

"అడగలేదు."

"ఒక్క ముక్కయినా అడగలేదు. నోరు మెదపలేదు. నువ్వు కడుపులోది మొత్తం కక్కేసి ఒచ్చినావు. అడగని దానికి జవాబు సెప్పినోణ్ణి నిన్నే సూస్తన్నాను."

"అడిగి ఉంటే అబద్ధం చెప్పేవాణ్ణేమో. అడక్కపోవడం భరించలేకపోయాను."

"నన్ను ఒక్క మాట అడగొచ్చు గదా ముందు. నా పేరు కూడా సెప్పినావు. నీ పేరు సెప్పుకో, నా పేరెందుకు?"

"నా ఒక్కడి పేరు చెబితే ఆ ఊట నేనేం చేసుకుంటాను బాబాయిగారూ? తెనాలి పట్టుకెళ్తానా?"

"ఎటకారాలు ఒద్దు."

"వెటకారం కాదండీ. ఏడుపొస్తోంది."

"నాకూ ఒస్తంది. ఊట పోతే నాకేటుంటాది? కింద చెరకు ఎండిపోతాది, ఇంట్లో కుండ ఎండిపోతాది. కొండంతా ఒదిలేసినాను గదా. గవర్నమెంటోళ్ళు ఒచ్చి, ఇది గుమేడే ఓళ్ళ బూమి, ఆళ్ళని అప్పుడు తెల్లోళ్ళు లారీల్లో ఎత్తి పారేసినారు, ఇప్పుడు ఎనక్కి ఇయ్యాల, నీ కాడ కొంటాం అంటే, సరే అన్నాను. కోర్టుకి ఎల్లలేదు. పక్క తోటోళ్ళందరూ ఎల్లినారు. నాను ఎల్లలేదు. ఒక్క ఊట ఉంచుకున్నాను. అది తప్పా?"

"ఉంచుకోలేదు. దొంగతనంగా ఉంచుకున్నాం. నీళ్ళు లేని కొండ ఇచ్చారు మీరు. నేను ఇప్పించాను."

"మనోడివి గదా అని అడిగినాను. అమ్మ పోయినాక ఈ ఇంట్లో నాతో నోరారా తెలుగు మాటాడినోడివి నువ్వే. నువ్వు ఒచ్చి 'ఏమండీ' అంటే నాకు అమ్మే తిరిగొచ్చినట్టుండేది. అలాంటోడివి, నాకోసం ఒక గీత పక్కకి జరపమంటే అంత తప్పయినాదా?"

"నాకూ అలాగే ఉండేది. ఇక్కడికొచ్చి ఆదివారం భోంచేస్తే మా మేనమామ ఇంట్లో ఉన్నట్టుండేది. అందుకే కాదనలేకపోయాను. ఆఫీసులో అడిగారండీ, గీత వాగు వెంబడి పోవాలి కదా, గట్టు మీంచి ఎందుకు పోయిందని. పాత ప్లాన్లో అలాగే ఉందన్నాను. పాత ప్లాన్లో అలా లేదు. వాళ్ళు నా మాట నమ్మారు. మళ్ళీ చూడలేదు."

"సరే. అయిపోనాది. ఏటన్నాది ఆమె?"

"ఎవరు?"

"రోజ్. ఇంతా ఇని ఏటన్నాది?"

"మొదట ఏం అనలేదు. నేనే మళ్ళీ మళ్ళీ అడిగాను. ఏదైనా అనండమ్మా, తిట్టండి, కొట్టండి, ఇలా ఊరుకోకండి అని. కారు ఆపి వెనక్కి తిరిగి చేతులు జోడించాను. అప్పుడు నోరు విప్పింది."

"ఏమని?"

"ఊట మా వైపా, ఆ వైపా అంది. ఆ వైపు అన్నాను."

"ఊ."

"అంతే. కళ్ళు మూసుకుంది. చేత్తో నోరు మూసుకుంది, ఎందుకో నాకు అర్థం కాలేదు. తరవాత దిగి, ముందు తలుపు తీసి, ఆ కొమ్మ తీసుకుని ఊట వైపు నడిచింది."

"ఏం కొమ్మ?"

"చెప్పానుగా, ముందు సీట్లో పెట్టిందని."

"సేతిలో ఉన్నదేదో అన్నావు. కొమ్మని సెప్పలేదు."

"కొమ్మే. ముళ్ళ కొమ్మ. మన రేగు చెట్టులా ఉంటుంది చూడండి, అది. సీటుకి గుచ్చుకుంటుంది, డిక్కీలో పెడతానమ్మా అని చెయ్యి వేశాను. నా చెయ్యి తోసేసింది."

"డిక్కీలోనా."

"ఏం?"

"డిక్కీలో పెడతానన్నావా, ఓరి నాయనా."

"ఏమైందండీ? ఎందుకలా చూస్తున్నారు?"

"కొడుకు ఫోన్లో ఏం సెప్పినాడు నీకు? సరిగ్గా సెప్పు. ఒక్క మాట ఒదలకుండా."

"అమ్మని ఎక్కించుకోండి అన్నాడు. తాతగారిని కూడా తీసుకొస్తోంది అన్నాడు. ఇద్దరొస్తారనుకున్నాను. గేటు దగ్గర చూస్తే ఈవిడొక్కతే. తాతగారేరమ్మా అని అడిగాను కూడా. ఈవిడ ముందు సీటు వైపు చూసింది."

"ఆ సీట్లో ఉన్నాడు అబ్బాయ్."

"ఎవరు?"

"తాత. ఆళ్ళల్లో మడిసి బయటెక్కడో సచ్చిపోతే అక్కడే ఉండిపోతాడు. ఇంటికి రావాలంటే ఆ రేగు కొమ్మ పట్టుకుని, సచ్చిపోయిన సోటికి ఎల్లి పిలవాల. కొమ్మ మీద ఒస్తాడు. బస్సులో అయితే ఆయనకి కూడా సీటు తీసుకుంటారు. తెచ్చే మడిసి దారి పొడుగునా ఆయన్తోనే మాటాడాల. ఇదిగో ఏరు దాటుతన్నాం, ఇదిగో ఊరు ఒచ్చినాది అని. ఇంకెవుళ్ళతోనూ మాటాడకూడదు."

"గొణుక్కున్నది అదా."

"అదే."

"నన్ను శపించడం కాదా."

"నువ్వు ఉన్నావని కూడా ఆమెకి పట్టదు. ఆమె మామగారికి దారి సూపిస్తంది."

"నేను పులిహోర పెట్టాను. నా పిల్లల చదువుల గురించి చెప్పాను. మాట్లాడమని చేతులు జోడించాను."

"మనోళ్ళు ఊరుకోలేరు గదా. ముసిలామె పలక్కుండా కూకుంటే మనకి తినబుద్ధవదు."

"మాట్లాడితే ఏమవుతుందండీ?"

"దిగిపోతాడు."

"ఎక్కడ?"

"నాకు సరిగ్గా తెల్దు. మాట పడిన కాడ దిగిపోతాడనేవోళ్ళు. దారి తప్పిపోతాడని కూడా అనేవోళ్ళు."

"నా వల్లే. మొత్తం నా వల్లే. ఆ సంగతి చెప్పకుండా ఉంటే ఆవిడ కొండెక్కేది."

"ఆ సంగతి లేకుండా ఉంటే అను. ఎక్కడ ఎక్కించుకున్నానన్నావు? మొబేనిలోనా?"

"గోదాము గేటు."

"అక్కడే కాపలా కాసేవాడు ఆ తాత. అక్కడే సచ్చిపోనాడు. జాన్."

"జాన్ ఎవరు?"

"ఆ ఊట తవ్వినోడు."

"నాయ్నా."

"నువ్వెప్పుడొచ్చినావు కోగీ?"

"రోజ్ గోగో మన ఊట దగ్గర కూర్చుంది. నేను బట్టలు వేస్తుంటే చూసింది. పిలిచింది నేను, పలకలేదు. ఎందుకు ఆమె అక్కడ? కొండ పైన కదా ఉండాలి?"

"ఎండకి కూకుని ఉంటాది."

"ఎండలో కూర్చుంది నాయ్నా, నీడలో కాదు. చేతిలో కొమ్మ ఉంది. నాకు తెలుసు ఆ కొమ్మ ఏంటో. ఆంజనేయులన్నా, నీ కారులో వచ్చింది కదా? ఏం చేశారు మీరు ఇద్దరూ?"

"ఏమీ లేదమ్మా."

"నాయ్నా నువ్వు 'అమ్మా' అంటే ఏదో ఉంది."

"చెప్పేయండి బాబాయిగారూ."

"నువ్వే సెప్పు. నీకు సెప్పడం అలవాటయినాది గదా."

"ఊట వాళ్ళకి రావాలి కోగీ. మీ నాన్నగారు అడిగారు, నేను గీత మార్చాను. ఈవేళ కారులో రోజ్‌కి చెప్పేశాను. మాట్లాడకూడని మనిషి చేత మాట్లాడించాను."

"నీళ్ళు దొంగతనమా నాయ్నా?"

"దొంగతనం కాదు. మా నాన్న నాటికాడ్నించీ మనమే తాగుతన్నాం."

"మీ నాయ్న కంటే ముందు ఎవరు తాగారు?"

"కోగీ."

"చెప్పు. వాళ్ళని లారీల్లో తీసుకుపోయినప్పుడు నేను చిన్న పిల్ల, కానీ నాకు గుర్తుంది. అవ్వ రెండు రోజులు ఏడ్చింది. తర్వాత వాళ్ళ ఇళ్ళ మీద మనం చెరకు వేశాం. అప్పుడు నువ్వు అన్నావు, మనం వేయకపోతే తెల్లవాడు వేస్తాడు. ఇప్పుడు తెల్లవాడు కూడా లేడు కదా, ఇప్పుడు ఎందుకు?"

"బయమేసినాది. అంతే. అన్నీ పోతన్నాయి. నువ్వు ఎల్లిపోతావు, నీ తమ్ముడు నిషెన్ ఊళ్ళో ఉండడు. ఆ నీళ్ళ సప్పుడు ఇంటూ పడుకోడం అలవాటయినాది నాకు."

"వాళ్ళకి కూడా అలవాటే కదా అది. నేను పోతుంది ఆమె దగ్గరికి."

"ఏటి సెప్తావు?"

"ఏం చెప్పాలి నేను? ఎండలో ఉంది, నీళ్ళు ఇస్తుంది. మన నీళ్ళు కాదు, వాళ్ళవే."

"ఎల్లిపోనాది. సూసినావా, నా కూతురు నన్ను దొంగన్నాది."

"నన్ను ఆ మాట కూడా అనలేదు. నాకు అదే బాధగా ఉంది."

"జాన్ సూసుంటే ఏటనేవాడో."

"మీకు బాగా తెలుసా ఆయన?"

"తెలుసా అంటావేటి? నన్ను బుజం మీద ఎక్కించుకుని ఈ కొండంతా తిప్పినాడు. రేపు వాన పడతాదని తుమ్మ పువ్వు సూసి సెప్పేవాడు. మా బావి ఎండిపోతే మా నాన్నని ఎంటబెట్టుకుని ఎల్లి, ఇక్కడ రాయి తియ్యి, నీళ్ళున్నాయి అన్నాడు. ఆయనే తీసినాడు, ఆయనే రాళ్ళు పేర్సినాడు. ఇద్దరం తాగండి, కొండకీ తోటకీ సరిపోతాయి అన్నాడు. మా ఇంటి మడిసి అబ్బాయ్. నాకు బాబాయి లాంటోడు. మా అమ్మ వంకాయ కూర అంటే పడి సచ్చేవాడు. ఒక్క కుండలో తిన్నాం."

"ఒక్క కుండలోనా?"

"కుండ ఒక్కటే. ఆయనకి రేకు పళ్ళెం ఉండేది. సూరు కింద."

"బయట."

"అప్పుడు అందరి ఇళ్ళల్లో అంతే. అలా సూడకు నన్ను."

"నేను చూడ్డానికి ఏముంది. మా ఊళ్ళో మా ఇంటి చూరు కింద కూడా ఉండేది ఒక గ్లాసు."

"లారీ ఎక్కేటప్పుడు మా నాన్న దగ్గిరికి ఒచ్చినాడు. ఊట మీద ఆకులు పడతాయి, తీస్తా ఉండు అన్నాడు. అంతే అన్నాడు. ఏడవలేదు, తిట్టలేదు. అక్కడ్నించి మొబేని పోయి, ఎవుడిదో గోదాముకి రేత్రిళ్ళు కాపలా కాసినాడు. బూమి దున్నినోడు. ఇంటికి రావడానికి ఇన్నేళ్ళు పట్టినాది. ఇంటి ముందరికి ఒచ్చినాక, నా ఊట కాడ, నా మూలంగా దిగిపోనాడు."

"మన మూలంగా."

"నా మూలంగా. నువ్వు జీతగాడివి."

"సంతకం నాది బాబాయిగారూ."

"గీత మార్చడం కుదురుతాదా?"

"వాళ్ళ కమిటీ సంతకాలు ఇంకా పడలేదు. ఈ పూటలో చెబితే కుదురుతుంది. నేను వెళ్ళి, పాత ప్లాన్లో అలా లేదు, నేనే అబద్ధం చెప్పాను అనాలి."

"నీ ఉద్యోగం?"

"పోతుంది. ఈ దేశంలో ఉండే పర్మిట్ కూడా పోతుంది. వసుమతికి ఏమని చెప్పాలో మరి."

"నాను సెప్తాను. నానే అడిగినానని సెప్తాను. ఆఫీసోళ్ళకి కూడా నానే ఒచ్చి సెప్తాను. ఊట ఇచ్చేస్తాను అబ్బాయ్. ఇప్పుడే ఎల్లి ఆమె సేతుల్లో ఎడతాను. నాకు గుండెల మీంచి రాయి దించినట్టుంటాది."

"నిజంగానా?"

"నిజంగానే. ఒక్క ఊటే గదా పోయేది. లే. టీ పారబొయ్యి, ఎల్దాం. అదిగో కోగీ కూడా ఒచ్చేస్తంది."

"కూర్చో నాయ్నా."

"కూకోను. ఊట కాడికి ఎల్తన్నాం. ఇచ్చేస్తన్నానమ్మా ఊట. ఇప్పుడే అనుకున్నాం. మాటాడిందా ఆమె?"

"మాట్లాడుతుంది. అందరితో మాట్లాడుతుంది ఇప్పుడు. ఎలాగూ నోరు తెరిచింది, ఇంక ఎవరి కోసం మూసుకోవాలి అంటుంది."

"ఏడుస్తందా?"

"లేదు. గొట్టం పక్కన నేల చేత్తో చదును చేసింది, కొమ్మ అక్కడ పడుకోబెట్టింది. కొండ పైకి తీసుకుపోవా గోగో అని అడిగింది నేను. ఆయన ఇక్కడే దిగిపోయాడు అంటుంది. నా మాట ఎక్కడ పడిందో అక్కడే దిగాడు, మళ్ళీ ఎక్కమంటే ఎక్కడు అంటుంది."

"మరి మీటింగు?"

"అందరూ కిందకి వస్తున్నారు. చీఫ్ మనిషి కూడా వచ్చాడు. చచ్చిపోయిన పెద్దాయన ఇంటికి రాలేదు, అంటే ఆయనకి మీ కమిటీ ఇష్టం లేదు, నేల చీఫ్ చేతిలో పెట్టండి అని గట్టిగా అంటున్నాడు. కొంతమంది తల ఊపుతున్నారు నాయ్నా. భయం కదా వాళ్ళకి."

"రోజ్ ఏటంటంది?"

"రాలేదని ఎవరు అన్నారు, వచ్చాడు, వాకిట్లో నిలబడ్డాడు, లోపలికి పిలిచేవాళ్ళు లేరు అంతే అంటుంది."

"అయితే ఇప్పుడే ఎల్లి సెప్తాను. ఊట ఆళ్ళదే అని సెప్తాను. ఊట ఆళ్ళదయితే ఆయన సొంత నేల మీదే దిగినట్టు గదా. చీఫ్ మడిసి నోరు మూతపడతాది. ఆంజనేయులు కూడా సెప్తాడు."

"చెప్తాను. ప్లాను కారులోనే ఉంది."

"ఆమె ఊట అడగలేదు నాయ్నా."

"అడక్కపోయినా ఇస్తాను."

"ఊట గురించి తర్వాత, కమిటీ మాట్లాడుతుంది, అది నా ఒక్కదాని పని కాదు అంది. ఆమె వేరేది అడిగింది."

"ఏటి?"

"నిన్ను రమ్మంది. నువ్వు పిలవాలి ఆయన్ని. నా గొంతు దారిలో చెడిపోయింది, ఆయన వినడు అంటుంది. మా పిల్లలు మొబేనిలోనే ఆయన్ని చూశారు, ఈ నేల మీద చూడలేదు. ఈ నేల మీద ఆయనతో తిరిగినవాళ్ళలో నేను కాక బతికి ఉన్నది మీ నాయ్న ఒక్కడే. ఆ గొంతు ఆయన గుర్తుపడతాడు. వచ్చి పేరు పెట్టి పిలవమను, అందరూ వింటారు, ఆయన లోపలికి వస్తాడు, మేము మీటింగు మొదలు పెడతాం. అది అడిగింది."

"అంతేనా?"

"అంతే."

"అంతేనా కోగీ. నాను ఎంత బయపడినానో. పిలుస్తాను, ఎందుకు పిలవను? తువ్వాలు ఇయ్యి. జాన్, లోపలికి రా, ఇది నీ ఇల్లే, నాను యెల్లప్పని అని గట్టిగా పిలుస్తాను."

"జాన్ కాదు నాయ్నా."

"ఏటి?"

"జాన్ మనం పెట్టింది. ఆ రోజుల్లో అందరి తోటల్లోనూ పనివాడు జానే. ఆయన పేరు పెట్టి పిలవాలి. వాళ్ళ అమ్మ పెట్టిన పేరు."

"గుమేడే."

"అది ఇంటిపేరు. అక్కడ నిలబడిన వాళ్ళందరూ గుమేడేనే."

"జాన్ అనే పిలిసేవోళ్ళం మరి."

"తెలుసు. పేరు ఏంటి?"

"బాబాయిగారూ, కంగారు పడకండి. గుర్తు తెచ్చుకోండి. భుజాల మీద తిప్పాడన్నారు, ఎప్పుడో చెప్పే ఉంటాడు."

"సెప్పే ఉంటాడు."

"వాళ్ళింట్లోవాళ్ళు ఏమని పిలిచేవారు?"

"నాను ఆళ్ళింట్లోకి ఎల్లలేదు. ఆయనే ఒచ్చేవాడు మా ఇంటికి."

"మీ నాన్నగారు?"

"జాన్. అమ్మ జాన్. అందరం జానే. ఆయనకి మాత్రం నా పేరు తెల్సు అబ్బాయ్. యెల్లప్పా అనే పిలిసేవాడు. తెల్లోళ్ళ నోరు తిరగదు నా పేరుకి, మొత్తం తప్పు పలికేవోళ్ళు. ఆయన సరిగ్గా పలికేవాడు."

"కోగీ, నువ్వెళ్ళి రోజ్‌ని మెల్లిగా అడిగి రా. చెవిలో."

"ఆమె చెప్పదు అన్నా. మామ పేరు కోడలు నోటితో అనకూడదు వాళ్ళలో. మా అవ్వ కూడా తాత పేరు ఎప్పుడూ అనలేదు కదా, అట్లా. కొడుకుని అడగాలి. కొడుకు అందరి మధ్యలో ఉన్నాడు, చీఫ్ మనిషి పక్కన."

"నేనే అడిగొస్తాను బాబాయిగారూ. ఇంకొక తప్పు నా నెత్తిన వేసుకుంటాను, ఏం పోయింది."

"ఒద్దు. కూకో. నువ్వు అడిగితే నా కోసమని ఆమెకి తెలిసిపోతాది."

"తెలిస్తే తెలియనీ నాయ్నా. వాళ్ళందరూ నిలబడి ఉన్నారు, ఎండలో, పిల్లలతో. గోగో నీ కోసం దారి వైపు చూస్తుంది. ఇతనికి తెలుసు, ఇతను పిలుస్తాడు అని అందరికీ చెప్పింది. ఏం చెప్పాలి నేను పోయి?"

"ఊట ఆళ్ళదేనని సెప్పు. కింద చెరకు కూడా ఇచ్చేస్తానని సెప్పు. ఏటి కావాలన్నా ఇచ్చేస్తానని సెప్పు కోగీ, నన్ను ఆయన పేరు మాత్రం అడగొద్దని సెప్పు."